పొయ్యి దించాక సాగే వంట: పొగబెట్టిన మాంసాన్ని వెచ్చగా నిలపడం వెనుక ఉన్న లెక్క

టెక్సస్‌లో పొగబెట్టిన మాంసం అనగానే అందరికీ గుర్తొచ్చేది బ్రిస్కెట్. పశువు రొమ్ము దగ్గరి ఈ కండ ఒక్కొక్కటి 5 నుంచి 7 కిలోలు తూగుతుంది. పోస్ట్ ఓక్ కట్టెల పొగలో, 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ వేడిలో, పది పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు ఉంచితే గాని మెత్తబడదు. ఇంతవరకు వంటవాళ్ల మధ్య పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా దించిన తర్వాతే. అరగంట ఆగి కోస్తే చాలని కొందరు, తువ్వాళ్లలో చుట్టి, ఐస్ వేయని ఖాళీ ఐస్ పెట్టెలో (కూలర్‌లో) మూడు నాలుగు గంటలు ఉంచాలని మరికొందరు అంటారు. పేరున్న దుకాణాలు అనేకం రాత్రంతా వేడిని స్థిరంగా నిలిపే వెచ్చటి విద్యుత్ అల్మారాలో పెట్టి మర్నాడు కోస్తున్నాయి. ఒకే మాంసానికి అరగంట నుంచి పన్నెండు గంటల దాకా సలహాలు వినిపిస్తుంటే కొత్తగా పొగపొయ్యి కొన్నవారు అయోమయంలో పడడం సహజం.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరళ్లలోకి కూడా ఈ పొయ్యిలు చేరాయి. బీఫ్ తినని ఇళ్లలో మేక తొడ, గొర్రె భుజం, కోడి వాటి మీదికి ఎక్కుతాయి. ఆరు గంటలకు రమ్మన్న విందుకు అతిథులు ఎనిమిదికి వచ్చే అలవాటు ఉన్న చోట, వండినదాన్ని చెడకుండా, ఎండకుండా నిలపడం వండడమంత ముఖ్యమైన పని అవుతుంది.

సంక్షిప్తంగా

దించిన మాంసం విషయంలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. మొదటిది లోపలి వేడిని తగ్గించి వంటను ఆపడం. ఇది అరగంట నుంచి గంటన్నరలో అయ్యే పని. రెండోది 60 నుంచి 66 డిగ్రీల మధ్య స్థిరంగా నిలపడం. ఇది గంటల తరబడి సాగుతుంది, ఈ దశలో మాంసం ఇంకా మెల్లగా మెత్తబడుతూనే ఉంటుంది. సలహాల్లోని తేడాలు చాలావరకు ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల వచ్చినవే. ఎన్ని గంటలు ఆగామన్నదాని కంటే మాంసం ఏ ఉష్ణోగ్రత దగ్గర ఉందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఉష్ణోగ్రత 57 డిగ్రీల కంటే దిగి అక్కడే ఉండిపోతే మాత్రం ప్రశ్న రుచి పరిధి దాటి ఆరోగ్యానిదవుతుంది.

లోపల జరిగే మార్పు

బ్రిస్కెట్ జంతువు జీవితాంతం దాని బరువు మోసిన కండ. కాబట్టి కండ పోగుల్ని కట్టి ఉంచే కొలాజెన్ అందులో మెండు. పచ్చిగా ఉన్నప్పుడు అది నారలా గట్టిగా ఉంటుంది. వేడి 60 డిగ్రీలు దాటాక ముడుచుకుని పోగుల్లోని నీటిని పిండుతుంది. ఆ దశలో కోసి తింటే మాంసం ఎండినట్టు, నమలలేనట్టు ఉంటుంది. ఇంకా వేడెక్కుతూ, తగినంత సమయం గడిస్తే అదే కొలాజెన్ కరిగి జెలాటిన్‌గా మారుతుంది. పాయా తాగినప్పుడు పెదవులకు అంటుకునే జిగురు, చల్లారితే గిన్నెలో గడ్డకట్టే పదార్థం ఇదే. మెత్తటి బ్రిస్కెట్ ముక్కలో నోటికి తగిలే తేమలో పెద్ద పాలు ఈ జెలాటిన్‌ది, కరిగిన కొవ్వుది. పోగుల్లో మొదట ఉన్న నీరు అప్పటికే చాలావరకు పోయి ఉంటుంది. వంట ముగిసేసరికి ముక్క బరువులో అటూ ఇటూగా మూడో వంతు పోవడానికి కారణం అదే.

కొలాజెన్ కరగడానికి ఒక్క ఉష్ణోగ్రత సరిపోదు, వేడికి కాలం తోడవ్వాలి. 90 డిగ్రీల పైన ఆ మార్పు వేగంగా జరుగుతుంది, 65 దగ్గర చాలా నెమ్మదిగా జరుగుతుంది, కానీ ఆగిపోదు. మూసిన సంచిలో వేడినీటిలో మాంసాన్ని ఒకటి రెండు రోజులు ఉంచి వండే ఆధునిక పద్ధతి 60 డిగ్రీల లోపు వేడితోనే గట్టి కండను మెత్తబరచగలగడం దీనికి రుజువు. రాత్రంతా వెచ్చగా నిలపడం ఎందుకు పనిచేస్తుందో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. మాంసం అల్మారాలో ఊరికే ఎదురుచూస్తూ ఉండదు. పొయ్యి మీద మిగిలిపోయిన కొలాజెన్, తక్కువ వేడిలో, పోగుల్ని ఇంకా పిండకుండా కరుగుతూ ఉంటుంది. ఎక్కువసేపు నిలపదలచిన వంటవాళ్లు కొందరు మామూలుగా దించే 95 డిగ్రీల దాకా ఆగకుండా 88, 90 డిగ్రీల దగ్గరే దించేస్తారు. చివరి మెత్తదనాన్ని అల్మారాకు వదిలేస్తారు.

రసం సర్దుకుంటుందన్న మాటలో నిజమెంత

మాంసం దించగానే కోయకూడదని చెప్పేవారు సాధారణంగా ఇచ్చే వివరణ ఒకటే. వేడికి రసమంతా మధ్యలోకి నెట్టబడుతుంది, కాసేపు ఆగితే మళ్లీ అంచులకు పాకుతుంది అంటారు. వినడానికి బాగుంటుంది గాని, బ్రిస్కెట్‌కు ఇది నప్పదు. పెనం మీద బయట బాగా కాలి లోపల పచ్చిగా మిగిలిన స్టేక్‌లో అంచుకూ మధ్యకూ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉంటుంది. పన్నెండు గంటలు కాలిన బ్రిస్కెట్‌లో ఆ తేడా చాలా తక్కువ. అంచు పోగులైనా మధ్య పోగులైనా అప్పటికే పట్టు వదిలేసినవే. తిరిగి పీల్చుకునే శక్తి వాటికి పెద్దగా ఉండదు.

ఆగడం వల్ల ఉపయోగం లేదని దీని అర్థం కాదు. కారణాలు వేరు. 95 డిగ్రీల దగ్గర ముక్కను కోస్తే కోసిన ప్రతి తలం నుంచి తేమ ఆవిరిగా లేచిపోతుంది. పలక మీదికి కారేది కూడా నీళ్లలా పలచగా ఉంటుంది కనుక వేగంగా కారుతుంది. 65 డిగ్రీలకు దిగేసరికి ఆవిరి బాగా తగ్గుతుంది. జెలాటిన్ కలిసిన రసం చిక్కబడి పోగుల మధ్యే నిలుస్తుంది. కొవ్వు కూడా నూనెలా జారిపోకుండా ఉంటుంది. ముక్క కోతకు ఒదగడం మరో సంగతి. మరీ వేడిగా ఉన్న బ్రిస్కెట్ కత్తి కింద చిట్లిపోతుంది, కాస్త దిగినది పెన్సిల్ మందం ముక్కలుగా తెగుతుంది. అందుకే అనుభవమున్న వంటవాళ్లు గడియారం పక్కన పెట్టి, లోపల 60 నుంచి 65 డిగ్రీలు చూపినప్పుడు కత్తి పట్టుకుంటారు.

ముందు ఆపాలి, తర్వాత నిలపాలి

ఇళ్లలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే. పొయ్యి మీంచి తీసిన వెంటనే, లోపల 95 డిగ్రీలు ఉండగానే, అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టి, తువ్వాళ్లు కప్పి, ఐస్ పెట్టెలో మూత వేస్తారు. వేడి పోవడానికి దారి లేదు. పైపొర లోపలి కంటే వేడిగా ఉంటుంది కనుక లోపలి ఉష్ణోగ్రత ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరగవచ్చు కూడా. అయిదారు కిలోల ముద్ద కాబట్టి 85 డిగ్రీల కిందకు దిగడానికే చాలా సమయం పడుతుంది. అంటే సరిగ్గా ఉడికినప్పుడు దించిన మాంసం పెట్టెలో అదే జోరుతో ఇంకా ఉడుకుతోందన్నమాట. రెండు గంటల తర్వాత తెరిస్తే ముక్క కోతకు రాకుండా పొడిపొడిగా రాలుతుంది. దానికి నిందంతా పొయ్యి మీద పడుతుంది.

చుట్టు విప్పి, గది వేడిలో బల్ల మీద పెట్టి, లోపలి ఉష్ణోగ్రత 75, 80 డిగ్రీలకు దిగేదాకా ఆగడం దీనికి విరుగుడు. ఆవిరి ఎగసిపోతుంటే వేడి కూడా దాంతో పోతుంది. ఇదే ఆవిరి వంట మధ్యలో ఇంకో పని చేస్తుంది. 65, 75 డిగ్రీల మధ్య బ్రిస్కెట్ గంటల తరబడి వేడెక్కకుండా మొండికేసే దశ ఒకటుంది. మాంసం పైన తేమ ఆవిరవుతూ, పొయ్యి ఇచ్చే వేడిని అంతకంతా లాగేసుకోవడమే దానికి కారణమని అమెరికా భౌతిక శాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ ప్రయోగాలతో చూపారు. వంటలో విసిగించిన ఆ చల్లదనమే దించాక వంటను ఆపే సాధనం. నిలిపే దశలోకి వచ్చేసరికి మళ్లీ శత్రువు, ఎందుకంటే గంటల తరబడి ఆవిరైతే మాంసం ఎండుతుంది. కాబట్టి ఆపేటప్పుడు విప్పి ఉంచడం, నిలిపేటప్పుడు చుట్టి ఉంచడం. ఈ క్రమం తారుమారైతే రెండు చోట్లా నష్టమే.

పెట్టె, అల్మారా, ఓవెన్

ఇళ్లలో వాడే ఐస్ పెట్టె చల్లదనాన్ని ఎలా కాపాడుతుందో వేడినీ అలాగే కాపాడుతుంది. ముందుగా మరిగిన నీళ్లు పోసి పెట్టె గోడల్ని వేడి చేసి, నీళ్లు వంపేసి, తువ్వాళ్లతో ఖాళీలు నింపితే పెద్ద బ్రిస్కెట్ మూడు నాలుగు గంటల దాకా 60 పైన నిలుస్తుంది. కేటరింగ్ వాళ్లు ఆహారాన్ని వేడిగా మోసుకెళ్లే కాంబ్రో పెట్టెలకు ఇది ఇంటి రూపం. దీనికి ఉన్న పరిమితి ఒక్కటే, పెట్టెలో వేడి పుట్టదు, తగ్గుతూనే ఉంటుంది. ముక్క చిన్నదైన కొద్దీ వేగంగా తగ్గుతుంది, ఎందుకంటే బరువుతో పోలిస్తే దాని ఉపరితలం ఎక్కువ. ఏడు కిలోల బ్రిస్కెట్‌కు సరిపోయిన లెక్క రెండు కిలోల గొర్రె భుజానికి పనికిరాదు.

దుకాణాల్లోని విద్యుత్ అల్మారాలది వేరే స్థాయి. ఆల్టో-షామ్ వంటి సంస్థల అల్మారాల్లో గోడల వెంట అమర్చిన తీగలు ఫ్యాన్ లేకుండా మెల్లగా వేడినిస్తాయి. గాలి వీచకపోవడం వల్ల ఎండిపోవడం తగ్గుతుంది. ఇంకో పద్ధతి కెంటకీలోని లూయీవిల్ నుంచి వచ్చింది. కేఎఫ్‌సీ దుకాణాల కోసం ఒత్తిడిలో వేపే యంత్రాన్ని రూపొందించిన ఇంజనీరు విన్‌స్టన్ షెల్టన్, వేపిన కోడిని ఎండకుండా, మెత్తబడిపోకుండా నిలపాలన్న సమస్యకు నీటి ఆవిరిని అదుపు చేసే అల్మారా తయారు చేశారు. అందులో రెండు మీటలు ఉంటాయి. నీటి వేడి ఆహారపు లోపలి ఉష్ణోగ్రతను నిర్ణయిస్తుంది, గాలి వేడి పైపొర ఎంత పొడిగా ఉండాలో నిర్ణయిస్తుంది. కోడి కోసం పుట్టిన ఆలోచన తర్వాత బ్రిస్కెట్‌కూ ఉపయోగపడింది.

అమెరికాలోని ఇంటి ఓవెన్ల సమస్య వాటి కనిష్ఠ వేడి. చాలా వాటిలో 170 ఫారన్‌హీట్, అంటే సుమారు 77 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గించడం కుదరదు. రాత్రంతా అందులో ఉంచిన మాంసం 66 దగ్గర కాకుండా 70 దాటి నిలబడుతుంది. ముందే కాస్త గట్టిగా ఉండగా దించితే ఇది కూడా పనిచేస్తుంది. పూర్తిగా మెత్తబడ్డాక దించి ఇందులో పెడితే మాత్రం తెల్లారేసరికి ముద్దవుతుంది. ఉష్ణోగ్రత తగ్గించే వీలున్న ఓవెన్లలో 150 ఫారన్‌హీట్ దగ్గర పెట్టుకోవచ్చు. మీట మీద రాసిన అంకెకూ లోపలి నిజానికీ పది డిగ్రీల తేడా ఉండే ఓవెన్లు తక్కువేమీ కాదు. విడి ఉష్ణమాపకం లేకుండా రాత్రంతా నిలపడానికి సాహసించకపోవడమే మేలు.

పైపొరకు తగిలే దెబ్బ

ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది. మిరియాలు, ఉప్పు, పొగ, కరిగిన కొవ్వు కలిసి గంటల తరబడి ఆరి ఏర్పడిన నల్లటి పైపొర బ్రిస్కెట్‌కు సగం రుచి. గట్టిగా చుట్టి నిలిపితే లోపలి ఆవిరి దాన్ని నానబెడుతుంది. అల్యూమినియం రేకు ఆవిరిని అసలు పోనివ్వదు కనుక పైపొర వదులవుతుంది. మాంసం దుకాణాల్లో వాడే మందపాటి కాగితం కొంత పోనిస్తుంది, కొవ్వును పీల్చుకుని ఎండిపోవడాన్నీ కొంత అడ్డుకుంటుంది. టెక్సస్ దుకాణాల్లో ఆ కాగితానికి ఉన్న ఆదరణ వెనుక ఉన్నది ఈ మధ్యేమార్గమే. కాగితానికి లోపల కరిగించిన పశుకొవ్వు రాసి చుట్టేవారూ ఉన్నారు. ఎంత జాగ్రత్త పడినా పన్నెండు గంటలు నిలిపిన ముక్క పైపొరకు అప్పుడే దించిన దాని కరకర ఉండదు. లోపలి మెత్తదనం పెరుగుతుంది, బయటి బిగువు తగ్గుతుంది. ఆ బేరం లాభమేనని చాలామంది వంటవాళ్లు తేల్చుకున్నారు. బ్రిస్కెట్ వరకు ఆ నిర్ణయం సబబే. కోడి విషయంలో మాత్రం కాదు. కోడిలో కరిగించాల్సిన కొలాజెన్ తక్కువ, పోగొట్టుకోవాల్సిన కరకర ఎక్కువ. పది పదిహేను నిమిషాలు ఆగి కోసేయడమే దానికి తగినది.

మాంట్రియల్ దారి వేరు

పొగబెట్టిన బ్రిస్కెట్ టెక్సస్ సొంతం కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో, 1928 నుంచి నడుస్తున్న ష్వార్ట్జ్ దుకాణం వంటి చోట్ల, ఉప్పు మసాలాల్లో రోజుల తరబడి ఊరబెట్టిన బ్రిస్కెట్‌ను పొగబెట్టి, వడ్డించే ముందు ఆవిరి మీద ఉడికిస్తారు. న్యూయార్క్ యూదు దుకాణాల పాస్ట్రామీ కూడా ఇదే కుటుంబానికి చెందినది. అక్కడ నిలపడం, మెత్తబరచడం రెండూ ఆవిరి పెట్టెలోనే జరుగుతాయి. రోజంతా వచ్చేవారికి ఒక్కో ముద్ద తీసి అప్పటికప్పుడు చేత్తో కోసి ఇస్తారు. పైపొర కరకర మీద వారికి ఆశ లేదు కాబట్టి తడి వేడి అక్కడ నష్టం కాదు. రొట్టెల మధ్య పెట్టే ముక్కకు ఆ తడి కావాలి కూడా. టెక్సస్‌లో ముక్కను కాగితం మీద విడిగా వడ్డిస్తారు, పైపొర కంటికి, పంటికి తగలాలి. వడ్డించే తీరే నిలిపే తీరును నిర్ణయించింది.

వ్యాపారం మీద ప్రభావం

మధ్య టెక్సస్‌లో ఈ వంటకు మూలాలు 19వ శతాబ్దంలో జర్మన్, చెక్ వలసదారులు పెట్టిన మాంసం దుకాణాల్లో ఉన్నాయి. లాక్‌హార్ట్ పట్టణంలోని క్రూట్జ్ మార్కెట్ 1900 నుంచి ఉంది. పాత పద్ధతిలో తెల్లవారుజామున మాంసం పొయ్యి దిగాలి, అది అయిపోగానే దుకాణం మూయాలి. లెక్సింగ్టన్‌లోని స్నోస్ దుకాణం ఇప్పటికీ శనివారం మాత్రమే, ఉదయం 8 గంటలకు తెరుస్తుంది. ఆస్టిన్‌లో ఏరన్ ఫ్రాంక్లిన్ 2009లో ఒక ట్రెయిలర్‌లో మొదలుపెట్టిన దుకాణం ముందు గంటల తరబడి వరసలు నిలిచినప్పుడు, వచ్చినవారందరికీ మాంసం ఒకే నాణ్యతతో అందించడం పెద్ద సవాలైంది.

వెచ్చటి అల్మారా ఈ లెక్కను మార్చింది. పగలు వండి, రాత్రి నిలిపి, మర్నాడు వడ్డించవచ్చు. పొయ్యి దగ్గర రాత్రంతా మేలుకునే పని తగ్గింది. సాయంత్రం భోజనాలకూ మాంసం మిగులుతుంది. ఒక బ్రిస్కెట్ గంట ముందు మెత్తబడినా, మరొకటి గంట ఆలస్యమైనా, అల్మారా ఆ తేడాను సరిచేస్తుంది. రుచిలో నిలకడ లేకుండా పెద్ద రెస్టారెంట్ల వరసలో నిలవడం కష్టం. 2024 నవంబరులో రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి టెక్సస్‌కు వచ్చినప్పుడు నాలుగు బార్బెక్యూ (పొగబెట్టిన మాంసం) దుకాణాలకు ఒక్కో నక్షత్రం దక్కింది. ఆ గుర్తింపు ఈ అల్మారాల వల్లే వచ్చిందనలేం. కానీ అంత నిలకడను ఆశించే స్థితికి ఈ వంట చేరడంలో వాటికి పాలుంది. మరోవైపు మంచి అల్మారా ఖరీదైనది, చిన్న దుకాణానికి భారం.

ఎంత కిందికి దిగితే ప్రమాదం

ఉష్ణోగ్రత అటూ ఇటూ అయితే రుచి తగ్గడం ఒక ఎత్తు, జబ్బు చేయడం మరో ఎత్తు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ఆహార నియమావళి ప్రకారం వేడిగా నిలిపే ఆహారం 135 ఫారన్‌హీట్, అంటే 57 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గకూడదు. నిర్ణీత వేడిలో వండిన పెద్ద మాంసపు ముద్దలకు 54 డిగ్రీల దాకా వెసులుబాటు ఉంది. ఇళ్లకు ఆ దేశ వ్యవసాయ శాఖ ఇచ్చే సలహా ఇంకా కఠినం, 60 డిగ్రీలు.

ఈ గీత వెనుక ఉన్న ముఖ్య కారణాల్లో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి ఒకటి. అమెరికాలో ఏటా దాదాపు 10 లక్షల మంది దీనివల్ల అనారోగ్యం పాలవుతారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. దీని బీజాలు వంట వేడికి చావవు. మాంసం 95 డిగ్రీల దాకా కాలినా బతికి ఉంటాయి, చల్లారుతున్నప్పుడు మేల్కొంటాయి. 43 నుంచి 47 డిగ్రీల దగ్గర అతి వేగంగా పెరుగుతాయి, పది నిమిషాల్లోనే రెట్టింపు కాగలవు. పెద్ద మాంసపు ముద్దలు, విందులకు ఒకేసారి వండిన వంటలు దీనికి అనువైన చోట్లు. 60 దాటి ఉన్నంతసేపు ఇది పెరగలేదు. అందుకే 63 దగ్గర పన్నెండు గంటలు నిలిపిన బ్రిస్కెట్ సురక్షితం. పెట్టెలో 48కి దిగి మూడు గంటలు ఉన్నది మాత్రం పైకి ఎంత బాగున్నా, వాసన తేడా లేకపోయినా, సురక్షితం కాదు. ఉష్ణమాపకం తీగను ముక్కలో గుచ్చి, తెరను పెట్టె బయట ఉంచితే మూత తెరవకుండానే తెలుస్తుంది.

పీచుగా విడదీసిన మాంసానికి జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ముద్దగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు బయటి నుంచి చేరేది ఉపరితలానికే. విడదీసిన తర్వాత చేతుల నుంచి, పాత్రల నుంచి వచ్చేవి ప్రతి పోగుకూ చేరతాయి, వేడి కూడా నిమిషాల్లో పోతుంది. పంది భుజాన్నైనా, గొర్రె భుజాన్నైనా వడ్డించే ముందే విడదీయడం, అప్పటిదాకా ముద్దగానే నిలపడం ఇందుకే.

మిగిలినదాన్ని దాచేటప్పుడు వేడిని పట్టి ఉంచే ఐస్ పెట్టె మంచి గుణమే చెడ్డదవుతుంది. నియమావళి ప్రకారం 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, మొత్తం ఆరు గంటల్లో 5 డిగ్రీలకు మాంసం దిగాలి. పెద్ద ముద్దను చుట్టినది చుట్టినట్టే ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం అంత త్వరగా చల్లారదు. చిన్న ముక్కలుగా కోసి, లోతు తక్కువ పళ్లేల్లో ఒకే వరసగా పరిచి చల్లార్చాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు 74 డిగ్రీలు దాటించాలి. ఇలా చల్లార్చి వేడి చేసిన మాంసంలో కొవ్వు ఆక్సీకరణ చెందడం వల్ల ఒక పాతవాసన చేరుతుంది. మర్నాటి మధ్యాహ్నానికే వడ్డించాలనుకుంటే ఫ్రిజ్ కంటే 63 డిగ్రీల అల్మారానే రుచికి మేలు. రెండు రోజుల తర్వాతి విందుకైతే ఫ్రిజ్ తప్ప దారి లేదు.